తప్పు కుట్ల బొంత

ఇల్లు, వంటగది బల్ల
చలి వెనక్కి తగ్గిన వారం

ప్రియమైన మరదలు పిల్లా,

ఫోన్‌లో నువ్వు "నాన్న ఎలా ఉన్నాడు?" అని అడిగినప్పుడల్లా నేను "బాగున్నారు, బాగున్నారు" అని రెండేసిసార్లు అంటాను కదా, అందుకు కారణం ఆ ఫోను ఆయన మంచం పక్కనే ఉండటం. అసలు సంగతి కాగితం మీద పెడుతున్నాను. మామయ్య గారు బాగాలేరు. ఒంట్లో జబ్బేమీ లేదు, అదే బాధ. జ్వరమైతే మాత్ర వేసేదాన్ని.

గడియారాలు బాగుచేసే కొట్టు మూసేసి ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. పిలిస్తే లేచి తింటారు, లేకపోతే లేదు. ఉలుకూ పలుకూ లేదు. వేళ్ళు మాత్రం ఊరుకోవు. మంచం పట్టె మీద బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని తాళంచెవి ఏదో తిప్పుతున్నట్టు తిప్పుతుంటారు. అది చూస్తే నాకు ఏడుపొస్తుంది. మీ అన్నయ్య తన తెలివంతా ఉపయోగించి, బాగున్న గొడుగు ఊచ విరగ్గొట్టి మరీ తెచ్చి "నాన్నా, ఇది కాస్త చూస్తావా?" అన్నారు. ఆయన గొడుగువైపు కాదు, కొడుకువైపు చూశారు. "కొత్తది కొనుక్కో" అని అటు తిరిగిపోయారు. ఆగిపోయిన మిక్సీ, కారే కుళాయి, అన్నిటికీ అదే జవాబు.

ఇక ఇంటి కబుర్లు. కిటికీలు తెరిచాం. దుప్పట్లన్నీ ఎండలో వేశాం. పెరట్లో చెట్టు చిగురు పెడితే, మన పిడుగు, అదే నా కూతురు, ఆ చిగురంతా దూసి బొమ్మకి అన్నం పెట్టింది. అది పొడుగైపోయింది, చిన్నప్పటి మంచంలోంచి కాళ్ళు బయటికొస్తున్నాయి. కొత్త మంచం వచ్చింది. దానికి బొంత కుడతానని అత్తయ్య పాత గుడ్డల పెట్టె దించారు. ఒక చదరం మనందరి పాత బట్టలది, పక్క చదరం గళ్ళ నేత మ్యాటీ గుడ్డ మీద క్రాస్ కుట్టు. ఇప్పటికి బాతు, కుండీ, ఇంటి బొమ్మ అయ్యాయి.

అసలు ఈ ఉత్తరం అందుకోసమే. ఒక వింత చెబుతాను విను. మొన్న సాయంత్రం కుట్టు బుట్ట సర్దుతూ చూస్తే, బాతు ముక్కు పక్క గళ్ళలోకి జరిగిపోయి ఉంది. పాపం, లెక్క తప్పారనుకున్నాను. మర్నాడు సాయంత్రం చూస్తే ముక్కు ముక్కు చోటే ఉంది! "దిద్దారా అత్తయ్యా?" అంటే, "దేన్ని? బాగానే ఉందిగా" అన్నారు. నిన్న కుండీ అంచు వంకర, ఇవాళ తిన్నగా. ఆవిడేమో పొద్దున పూటే కుడతారు, భోజనమయ్యాక బుట్ట ముట్టరు. నేనా, బొత్తాం కుట్టుకోవడమే రాని దాన్ని. మీ అన్నయ్య సంగతి నువ్వే ఎరుగుదువు. మరి ఎవరే దిద్దుతున్నది?

నీ వదిన

*

కంటి ఆసుపత్రి, పరీక్షల గది
మధ్యాహ్నం, రోగులు భోజనానికి వెళ్ళిన వేళ

వదినా,

దిద్దింది ఎవరన్నది తరవాత. అమ్మ లెక్క తప్పడమేమిటి? బస్సులో ముందు సీటావిడ జాకెట్టు మీద ఒక్క కుట్టు జారినా చెవిలో చెప్పి దిగే మనిషి మా అమ్మ. అలాంటిది బాతు ముక్కు జరిపిందా?

 నాన్నది మొదటినుంచీ అదే పంతం. ఎవరైనా జాలిపడి ఇస్తే అమృతమైనా పుచ్చుకోడు. గొడుగు విరగ్గొట్టిన అన్నయ్యకి నా తరఫున ఒక మొట్టికాయ.

ఇప్పుడు నీకు గూఢచారి పని అప్పగిస్తున్నాను. మూడు సంగతులు చూసి రాయి. తప్పులు చదరంలో ఎటుపక్క వస్తున్నాయి? అమ్మ సూదిలో దారం ఎలా ఎక్కిస్తోంది? నడిచేటప్పుడు గడపలకీ, బల్లలకీ తగులుతోందా? దీనితో చిన్న అక్షరాల అట్ట ఒకటి పెడుతున్నాను. ఏదో వంకతో ఆవిడ చేత చదివించు. ఎంత దూరం నుంచి చదివిందో చూడు. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా అమ్మకి. రోజూ కళ్ళు పరీక్షించేదాన్ని కదా, అందుకే అనుమానం అనుకో. నువ్వు కంగారు పడకు.

దిద్దిన చదరం ఒకటి ఎలాగైనా నాకు పంపించు.

నీ ఆడపడుచు

*

ఇల్లు, మేడ మెట్ల మీద
గాలికి పుప్పొడి ఎగురుతున్న రోజు

గూఢచారుల పెద్దకి,

కంగారు పడకు అని రాసినవాళ్ళు ఎవరైనా కంగారు పెట్టకుండా ఉన్నారా? ఆ రోజు నుంచి అత్తయ్య వెనకాలే తిరుగుతున్నాను. "ఏమిటే, నా కొంగుకి ముడిపడ్డావా?" అని కూడా అడిగారు.

నీ అట్ట సంగతి మొదట చెబుతాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇదేమిటో చూడండి అత్తయ్యా" అన్నాను. తీసుకుని అటూ ఇటూ తిప్పి, "అక్షరాలు ముచ్చటగా ఉన్నాయే, పిల్లదాని బొంతకి పనికొస్తాయి" అని బుట్టలో వేసుకున్నారు. ఇప్పుడు ఒక చదరం మీద అవే కుడుతున్నారు. ఎంత దూరం నుంచి చదివారో, అసలు చదివారో లేదో నాకు తెలియలేదు. నీ ఆసుపత్రి పరువు కుట్టు బుట్ట పాలైంది.

సూదిలో దారం నేను చూస్తున్నంతసేపూ పిడుగు చేత ఎక్కించారు. గడపలకి తగలడం లేదు. తప్పులు మాత్రం, నువ్వు అడిగాక గమనించాను, ఎప్పుడూ కుడివైపునే. ఎడమపక్క ముత్యాల్లా ఉంటాయి కుట్లు, కుడికి వెళ్ళేసరికి అల్లిబిల్లి. ఇది మంచిదా, చెడ్డదా? నాకు భయంగా ఉంది.

దిద్దే మనిషి దొరకలేదు. భోజనాలయ్యాక అత్తయ్య నడుం వాలుస్తారు, నేను పిడుగుని నిద్రపుచ్చుతాను, తరవాత నేనూ నిద్రపోతాను. గూఢచారిగా నేను పనికిరానని ఒప్పుకుంటున్నాను. దిద్దిన బాతుని పంపిస్తున్నాను. అత్తయ్య అడిగితే పిడుగు ఎక్కడో పారేసిందని చెబుతాను. పాపం దాని నెత్తిన లేనిపోని నేరాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఒక్క మంచి మాట. నిన్న మామయ్య గారు పిలవకుండానే భోజనానికి వచ్చారు. మారు కూడా వడ్డించుకున్నారు. నేనూ మీ అన్నయ్యా మొహాలు చూసుకున్నాం. ఎండ తగిలి ఆకలి పుట్టిందేమో మరి.

నీ వదిన

*

అద్దె గది, కిటికీ అరుగు
ఆదివారం

వదినా,

దొంగ దొరికాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నేను ఇక్కడ కూర్చుని పట్టాను.

బాతుని దీపం కింద పెట్టి, ఆసుపత్రి భూతద్దంతో చూశాను. అమ్మ కుట్టే ప్రతి క్రాస్‌లో పైన పడే దారం ఎప్పుడూ ఒకేవైపు వాలుతుంది. దిద్దిన చోట మాత్రం పైదారాలన్నీ ఎదురువైపు వాలి ఉన్నాయి. ఎడమచేతి వాటం మనిషి తనంతట తాను నేర్చుకుంటే అలాగే కుడతాడు. ఇక వెనక తిప్పి చూడు. అమ్మ కుట్టు వెనకవైపు ఎలా ఉంటుందో తెలుసుగా, కోడి కెలికిన పెంటే. దిద్దినచోట ఒక్క ముడి లేదు. ప్రతి దారం కొసా పక్క కుట్టు కిందికి దూర్చి ఉంది. ఎవరూ చూడని వెనకవైపు అంత శుభ్రంగా పెట్టే ఎడమచేతి వాటం మనిషి మన ఇంట్లో ఒక్కడే. నాన్న.

ముందు నవ్వొచ్చింది. సూది పని ఆడవాళ్ళదని అనకపోయినా, ఏనాడూ సూది ముట్టని మనిషి! తరవాత నవ్వు ఆగిపోయింది. నాన్న ఎందుకు దిద్దుతున్నాడు? అమ్మకి కనబడటం లేదని ఆయనకి తెలుసు. అది మనకి తెలియకుండా, అమ్మకి కూడా తెలియకుండా కప్పిపుచ్చుతున్నాడు.

నువ్వు రాసిన కుడివైపు సంగతే నన్ను నిద్రపోనివ్వడం లేదు. చూపు పక్కనుంచి కొద్దికొద్దిగా పోయే జబ్బొకటుంది వదినా. నొప్పి ఉండదు. పోయినంత మేరా మళ్ళీ రాదు, మిగిలింది మాత్రమే కాపాడగలం. అందుకే ఒక్క వారం కూడా విలువైనది. భార్య చేతికి గ్లాసు అందిస్తూ, మెట్టు మెట్టుకీ చెయ్యి పట్టుకుంటూ, ఇద్దరూ కలిసి ఏమీ జరగనట్టు నటించి, చివరికి చూపంతా చీకటయ్యాక మా దగ్గరికి వచ్చే జంటల్ని నేను చూస్తూనే ఉన్నాను. ప్రేమే. కాని ఆ ప్రేమ కళ్ళు తీసేస్తుంది.

కోపమొచ్చి, ఏడుపొచ్చి, నాన్నకి కూడా ఇప్పుడే విడిగా ఉత్తరం రాసి పోస్టులో వేశాను. "అమ్మ తప్పులు నువ్వే దిద్దుతున్నావని నాకు తెలుసు. దాచింది చాలు. వెంటనే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అని. నీకు చెప్పకుండా చేసినందుకు తిట్టుకో. కాని అమ్మ కళ్ళ విషయంలో నేను ఆగలేను.

నీ ఆడపడుచు

*

ఇల్లు, పెరటి గుమ్మం
అదే ఆదివారం

మరదలు పిల్లా,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. ఇవాళ జరిగింది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

భోజనాలయ్యాక నిద్ర ఆపుకున్నాను. దుప్పట్లు తీయాలన్న వంకతో పెరట్లోకి వెళ్ళాను. చెట్టు వెనక, ఎండ బాగా పడేచోట, పీట వేసుకుని మామయ్య గారు కూర్చున్నారు. కంటికి కొట్లో పెట్టుకునే ఆ భూతద్దం, చేతిలో చిన్న పట్టకారు. నన్ను చూడగానే ఒళ్ళోది గబుక్కున చొక్కా కిందికి తోశారు. "ఏం చూస్తున్నారు మామయ్యా?" అన్నాను. "చీమ" అన్నారు. "చీమా?" "ఊఁ. పెద్దది." తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. చొక్కా అంచు కింద నుంచి ఎర్ర దారం వేలాడుతోంది. నేను "మంచిది మామయ్యా, చూడండి" అని దుప్పట్లు తీసుకోకుండానే లోపలికి వచ్చేశాను.

తిన్నగా అత్తయ్య గదికి వెళ్ళాను. ఆవిడ నిద్రపోవడం లేదు. తలుపులు వేసిన చీకటి గదిలో, సూదిలో దారం ఎక్కిస్తున్నారు. ఒక్క ప్రయత్నం! నేను గుమ్మంలో ఉండగానే ఎక్కించి, దారం కొస పళ్ళతో తెంపారు. నీ ఆసుపత్రిలో ఎవరైనా అలా ఎక్కిస్తారేమో అడుగు.

"అత్తయ్యా, మీకు కళ్ళు బాగానే కనబడుతున్నాయి కదూ?" అన్నాను.

"తలుపు వెయ్యి" అన్నారు.

తలుపు వేశాక చెప్పారు. చెబుతూ చెబుతూ ఏడ్చారు కూడా.

"ఆయన చేతులు చూడలేకపోయానే. ఇన్నేళ్ళు పగిలినవీ ఆగినవీ బాగుచేసిన చేతులవి. మీరంతా తలా ఒకటి పట్టుకెళ్ళి ముందు పెట్టారు. ఆయన పిచ్చివాడా? పని లేని మనిషికి పని పడేస్తున్నారని తెలియదూ? ఇస్తే తీసుకోరు మీ మామయ్య. కాని తప్పు కళ్ళబడితే మాత్రం ఊరుకోలేరు. అందుకని ఒకరోజు బాతు ముక్కు జరిపి, బుట్ట ఆయన మంచం పక్కన మరచిపోయినట్టు పెట్టాను. లేచి చూసేసరికి దిద్ది ఉంది. ఎవరూ ఇవ్వని పని కదా, అందుకని చేశారు."

"మరి ఎప్పుడూ కుడివైపునే తప్పు కుడతారెందుకు?" అన్నాను.

"ఆయనది ఎడమచెయ్యి కదే. కుడికొస నుంచి విప్పుకుంటూ రావడం ఆయనకి వీలు" అన్నారు. పిడుగు చేత దారం ఎక్కించింది దాని సరదా కోసమేనట.

నేను నోరు వెళ్ళబెట్టాను. మనిషికి అనువుగా తప్పు చేసి పెట్టడం ఎక్కడైనా విన్నావా? మీ అన్నయ్య చొక్కాకి బొత్తాం కుట్టనందుకే నన్ను నేను మంచి భార్యని కానని అనుకునేదాన్ని, ఇక అవుతానన్న ఆశ కూడా పూర్తిగా వదులుకున్నాను.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఇదంతా మన ముగ్గురి మధ్యే ఉండాలి. ఇది కావాలని చేసిన ఏర్పాటని తెలిసిందా, ఆయన ఆ పట్టకారు మళ్ళీ ముట్టరు. గోడవైపు తిరిగి పడుకుంటారు, ఈసారి లేవరు. అత్తయ్య నా చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ఫోన్‌లో గానీ ఉత్తరంలో గానీ నాన్నతో బొంత మాటే ఎత్తకు.

నీ వదిన

*

కంటి ఆసుపత్రి
పరుగులో

వదినా, కొంప మునిగింది. ఇది మన ఊరొచ్చే బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను, నా ఉత్తరాలకన్నా ముందే అందాలి. నాన్నకి విడిగా ఉత్తరం రాసేశాను, అది ఆపు! పోస్టుమాన్ కాళ్ళు పట్టుకో, పిడుగుని గేటు దగ్గర కాపలా పెట్టు, ఏమైనా చెయ్యి. వరసగా ఫోన్ చేస్తుంటే నాన్నే ఎత్తుతున్నాడు, నేను పెట్టేస్తున్నాను. కళ్ళు పరీక్షించే నాకే కళ్ళు లేకపోయాయి. చూసిందల్లా జబ్బులా కనబడింది. ఆయన మళ్ళీ మంచం ఎక్కితే నా మొహం మీకెవరికీ చూపించలేను.

*

ఇల్లు, వంటగది బల్ల
చెట్టు నిండా ఆకులు వచ్చాక

ప్రియమైన మరదలు పిల్లా,

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించు. ఏం జరుగుతుందో నాకే తెలియక, రాయడానికి చేతులు రాలేదు.

పోస్టుమాన్ నన్ను దాటుకుని ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాడు. గేటు దగ్గరే నిలబడి చదివారు. మళ్ళీ చదివారు. మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వచ్చి, కొట్టు మూసినప్పటి నుంచి మంచం కిందే ఉన్న చెప్పులు దులిపి తొడుక్కున్నారు. "పద" అన్నారు అత్తయ్యతో. "ఎక్కడికండీ?" "కళ్ళ డాక్టరు దగ్గరికి."  ఆయన మొహం చూడాల్సింది నువ్వు. తెల్లగా పాలిపోయింది. అప్పటిదాకా ఆవిడ ఏదో పరధ్యానంలో తప్పులు కుడుతున్నారని ఆయన అనుకున్నారట. చూపు సంగతి నీ ఉత్తరం చదివేదాకా ఆయనకి తట్టనే లేదు. నేనూ వెంట వెళ్ళాను. దారి పొడుగునా ఆయన ఆవిడ మోచెయ్యి వదల్లేదు.

డాక్టరు అన్ని పరీక్షలూ చేశాడు. అత్తయ్య కావాలనే తప్పు చదువుతారేమోనని నేను చూశాను, చదవలేదు. ఆయన మొహం చూసి ఇక అబద్ధం ఆడబుద్ధి కాలేదట. అట్టడుగు వరస దాకా గడగడా చదివేసి, ఆపైన "బాబూ, మీ చొక్కా మూడో బొత్తాం దారం మీద వేలాడుతోంది" అన్నారు. డాక్టరు నవ్వి, "పెద్దాయనా, ఈవిడ కళ్ళు నాకిస్తే నావి ఇచ్చేస్తా" అన్నాడు.

మామయ్య గారు నవ్వలేదు. తిరుగుదారిలో ఒక్కమాటే అన్నారు. "నీ కళ్ళు బాగున్నాయన్నమాట."

"బాగున్నాయండీ" అన్నారు అత్తయ్య, నేల చూస్తూ.

అంతే. ఇక చెప్పాల్సిందేముంది? ఆయనకి అంతా అర్థమైంది. ఇంటికొచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగారు. అత్తయ్య మర్నాటి నుంచి తప్పు కుట్టడానికి భయపడి, ఎటూ వంక పెట్టలేని కుట్టు కుట్టారు. బుట్ట మామూలుగానే మంచం పక్కన పెట్టారు. ఆయన ముట్టలేదు. పిలిస్తే తిన్నారు, లేకపోతే లేదు. వేళ్ళు మళ్ళీ పట్టె మీద తిరగడం మొదలుపెట్టాయి. నీ మీద కోపమొచ్చిందా అంటే వచ్చింది. అబద్ధం ఎందుకు? అప్పుడు వచ్చింది, ఇప్పుడు లేదు. తల్లి కళ్ళు పోతున్నాయనుకున్న కూతురు ఇంకేం చేస్తుంది?

పోయిన వారం ఒక పొద్దున అత్తయ్య హాల్లో కిటికీ దగ్గర కూర్చుని ఆకుల తీగ ఒకటి కుడుతున్నారు. నేను అక్కడే కూరలు తరుగుతున్నాను. మామయ్య గారు మంచం దిగిన చప్పుడైంది. పీట తెచ్చుకుని ఆవిడ ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. భూతద్దం, పట్టకారు జేబులోంచి తీసి కిటికీ అరుగు మీద పెట్టారు, అందరూ చూస్తుండగానే. ఆవిడ చేతిలోని చదరం లాక్కుని అటు చూశారు, ఇటు చూశారు, వెనక తిప్పి చూశారు.

"ఇందులో తప్పేదీ?" అన్నారు.

"లేదండీ" అన్నారు అత్తయ్య. 

"నిన్నటి దాంట్లో?"

"అందులోనూ లేదు."

 నేను తరగడం ఆపేశాను. తిడతారనుకున్నాను, బుట్ట విసిరేస్తారనుకున్నాను. ఆయన తల ఎత్తకుండానే, చిన్న గొంతుతో అడిగారు.

"మరి పొద్దంతా నేనేం చెయ్యాలే?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదటిసారి అని అత్తయ్య తరవాత చెప్పారు.  అప్పుడు మాత్రం ఆవిడ చదరం వెనక్కి తీసుకుని, సూది గుచ్చి, చక్కగా వస్తున్న తీగని కుడిపక్కకి పిచ్చిగా లాక్కుపోయారు. కళ్ళనీళ్ళతో కుట్టారు కనక అది మరీ పిచ్చిగా వెళ్ళింది. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని, పట్టకారు చేతిలో పట్టుకుని, ఆవిడ పూర్తిచేసేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. నేను వంటింట్లోకి పారిపోయి ఉల్లిపాయల మీద నెపం పెట్టి ఏడ్చాను.

ఇప్పుడు ఆవిడ ఎదురుగానే తప్పులు కుడుతున్నారు, ఆయన ఎదురుగానే విప్పుతున్నారు. మధ్యలో పోట్లాటలు కూడా. "ఇది మరీ సులువుగా ఉంది, ఇదీ ఒక తప్పేనా?" అని ఆయన, "మీకెంత చేసినా తృప్తి లేదు" అని ఆవిడ. ఈ లెక్కన ఆ బొంత ఎప్పటికీ పూర్తి కాదు. పిడుగుకి నిన్న బజార్లో ఒక దుప్పటి కొన్నాం.

నీ వదిన